హొసూరు బిడ్డ డాక్టర్ ఎచ్. నరసింహయ్య: ఖద్దరు కట్టి ప్రశ్న అడిగిన మనిషి

మన సమాఖ్య సంచికలో పెద్దల జీవితాలు చెప్పుకోవడం వాడుక. దేవల మహర్షి, మార్కండేయుడు, దేవర దాసిమయ్య పేర్లు మన ఇండ్లలో పిల్లలకు కొత్త కాదు. ఈ తడవ చెప్పబోయేది మగ్గం మీద కూర్చున్న మనిషి కథ కాదు. పలకా బలపం నమ్ముకొని బతికిన ఒక అయ్యవారి కథ. అయినా ఆయనకు మన సంచికలో చోటు ఉండాలి. ఒకటి, ఆయన మన గౌరిబిదనూరు తాలూకు హొసూరులో పుట్టినవాడు. రెండు, చదువుకొనే వయసులో కట్టిన ఖద్దరును చివరిదాకా వదలనివాడు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రాజ్యం ఎదుట, పెద్ద పేరున్నవాళ్ళ ఎదుట, చివరికి తన సొంత జనం ఎదుట కూడా ఎందుకు అని అడగడానికి భయపడనివాడు. బెంగళూరులో ఆయన్ను అందరూ ఎచ్చెన్ అనేవాళ్ళు. ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటింది. మన పిల్లల్లో చాలామందికి ఆ పేరు ఒక కాలేజీ బోర్డు మీదనో, సభలో పెట్టిన ఫోటో కిందనో కనపడే పేరు మాత్రమే. ఆ ఫోటో వెనక ఉన్న మనిషి ఎవరో తెలుసుకొందాం.

పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు

నరసింహయ్యగారు 1920 జూన్ 6న పుట్టినారు. అప్పుడు మన సీమంతా కోలారు జిల్లా. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో గాని వేరు పడలేదు. పైన మైసూరు మహారాజు, ఆయన కింద దివాను, ఆ పైన తెల్లవాళ్ళు. హొసూరు దాటి కొంచెం పోతే హిందూపురం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో రెండూ కలిపి మాట్లాడే నేల ఇది. మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

నాయన హనుమంతప్ప బడిలో చదువు చెప్పేవాడు. అమ్మ వెంకటమ్మ కూలికి పోయేది. వెనకబడిన కులం, పేద ఇల్లు. ఆ కాలంలో అట్లాంటి ఇంటి పిల్లవాడు నాలుగు అక్షరాలు నేర్చుకొని, లెక్కపత్రం రాయడం వస్తే చాలు అనుకొనేవాళ్ళు. పిల్లవాడు పనికొస్తాడు, చేతికందిన కూలి చేస్తాడు అనేదే లెక్క. మన ఇండ్లలోనూ అంతే గదా! ఆరేడేండ్లు వస్తే కండెలు చుట్టడం, పదేండ్లు దాటితే పడుగు పట్టడం, ఆ తర్వాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడం. చదువు ఎవరికి కావాలి అనే ప్రశ్నకు జవాబు కులమూ పేదరికమూ ముందే చెప్పేసేవి.

ఊళ్ళో చదువు ఒక తరగతి దాకా ఉండె. దాని పైన చదవాలంటే హైస్కూలు లేదు. చాలామంది కథ అక్కడే ముగిసిపోయేది.

హొసూరు నుంచి బెంగళూరికి కాలినడక

1935లో ఆ పిల్లవాడికి పదిహేనేండ్లు. బెంగళూరు బసవనగుడిలో నేషనల్ హైస్కూలు అని ఒక బడి ఉందని, అక్కడ పేదపిల్లలకు కూడా చోటు దొరుకుతుందని ఊరి బడి పెద్దయ్యవారి ద్వారా తెలిసింది. బస్సు చార్జీకి దుడ్లు లేవు. నడిచి పోయినాడు. 80 కిలోమీటర్ల దాకా ఉండే దారి. రెండు దినాల నడక. ఈ దినం మనం గౌరిబిదనూరులో రైలెక్కి కునుకు తీసి లేస్తే బెంగళూరు వస్తుంది. ఆ పిల్లవాడు మాత్రం ఒక్కొక్క ఊరూ దాటుకొంటూ పోయినాడు.

నేషనల్ హైస్కూలు మామూలు బడి కాదు. 1917లో అనీబిసెంట్ అమ్మ మొదలుపెట్టిన జాతీయ విద్యా ఉద్యమం ఊపులో పుట్టింది. సర్కారు నౌకర్లను తయారుచేసే చదువు కాకుండా, దేశం తనదనుకొనే మనుషులను తయారుచేసే చదువు కావాలని పెట్టిన బడి అది. అక్కడ చేరిన హొసూరు పిల్లవాడు పేదపిల్లల హాస్టల్లో ఉంటూ చదువుకొన్నాడు. ఆ బడికీ ఆయనకూ పడిన ముడి డెబ్బై ఏండ్ల దాకా విడలేదు.

గాంధీగారు, ఖద్దరు

1936లో గాంధీగారు మన నందికొండ మీద కొన్నాళ్ళు ఉండి ఆరోగ్యం కుదుర్చుకొన్నారు. అంతకుముందు 1927లో కూడా అక్కడే విశ్రాంతి తీసుకొన్నారు. ఆ 1936లో ఆయన బెంగళూరు నేషనల్ హైస్కూలుకు వచ్చి పిల్లలతో హిందీలో మాట్లాడినప్పుడు, ఆ మాటలను కన్నడంలోకి మార్చి చెప్పే పని నరసింహయ్యకు అప్పగించినారు. ఏడాది కిందట కాళ్ళకు దుమ్ము కొట్టుకొని ఊరు నుంచి వచ్చిన పిల్లవాడు గాంధీగారి పక్కన నిలబడి వేరే పిల్లలకు ఆయన మాట అందించినాడు.

ఖద్దరు సంగతి మనకు దగ్గరి సంగతి కాబట్టి కొంచెం ఆగి చెప్పుకోవాలి. గాంధీగారు 1922 మార్చిలో రాజద్రోహం కేసులో దొరికినప్పుడు, వృత్తి ఏమిటని కోర్టులో అడిగితే రైతు, నేతగాడు అని రాయించుకొన్నారు. లండన్‌లో బారిస్టరు చదివిన మనిషి, ప్రపంచమంతా తెలిసిన నాయకుడు, రాజ్యం తనను బోనులో నిలబెట్టినప్పుడు మన పేరు చెప్పుకొన్నాడు. ఖద్దరు కట్టడం అంటే ఆ కాలంలో ఒక వేషం కాదు. ఆ గుడ్డ కొన్న దుడ్లలో వడికినవాళ్ళకు ఇంత, నేసినవాళ్ళకు ఇంత అని పోయేది. 1935లో, అంటే నరసింహయ్య నడిచి పోయిన ఏడే, వడికే ఆడవాళ్ళ కూలి పెంచాలి, ఖద్దరు ధర పెరిగినా ఫరవాలేదు అని గాంధీగారు చరఖా సంఘంలో పట్టుబట్టినారు. తక్కువ ధరకు అమ్ముడుపోవడం కన్నా చేసినవాళ్ళ కడుపు నిండటం ముఖ్యం అన్నది ఆ వాదం. ఈ దినం మన సమాఖ్య సభల్లో మనం చేసే వాదమూ అదే.

నరసింహయ్యగారు ఆ ఖద్దరు పంచె, జుబ్బా, టోపీ కట్టినారు. తర్వాత పెద్ద పదవి వచ్చింది, పద్మభూషణ్ వచ్చింది. బట్ట మాత్రం మారలేదు.

విదురాశ్వత్థం: మన గడప ముందు జరిగింది

ఆయన బెంగళూరులో చదువుకొంటూ ఉండగా మన సీమలో ఒక ఘోరం జరిగింది. గౌరిబిదనూరు దగ్గర ఉత్తర పినాకిని ఒడ్డున ఉండే విదురాశ్వత్థం తెలియనివాళ్ళు మనలో లేరు. నాగప్రతిష్ఠకు, మొక్కులకు పోయే చోటు. 1938 ఏప్రిల్ 25న అక్కడ జాతర జనం, కాంగ్రెస్ జనం కలిసి కూడినారు. మూడు రంగుల జెండా ఎగరేయాలన్నది పట్టుదల. మైసూరు సంస్థానం ఆ జెండాను, సభను నిషేధించింది. పోలీసులు నిరాయుధుల మీద తుపాకులు పేల్చినారు. ముప్పై మందికి పైగా చనిపోయినారని మనవాళ్ళు చెప్పుకొనే లెక్క. సర్కారు చెప్పిన లెక్క దానికన్నా చాలా తక్కువ. అందుకే దానికి దక్షిణ దేశపు జలియన్‌వాలాబాగ్ అని పేరు పడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మైసూరు సంస్థానానికి మంచి పేరు ఉండె. కరెంటు తెచ్చింది, ఆనకట్టలు కట్టింది, పట్టు ఫ్యాక్టరీ పెట్టింది. గాంధీగారే ఆ రాజును మెచ్చుకొన్నారు. అంత మంచి రాజ్యం కూడా ఒక గుడ్డ ముక్క ఎగిరితే ఓర్చుకోలేకపోయింది. ఎందుకంటే ఆ గుడ్డ ముక్క రాజు మంచితనాన్ని కాదనలేదు. నీ మంచితనానికి నువ్వు జనానికి జవాబుదారీగా ఉండవా అని అడిగింది. దయ చూపే అధికారం వేరు, జవాబు చెప్పే అధికారం వేరు. ఆ తేడా మన నేల మీద నెత్తురుతో తేలింది. ఆ తర్వాత సర్దార్ పటేల్ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడితే, సంస్థానం జెండాతో పాటు మూడు రంగుల జెండా ఎగరేయడానికి ఒప్పుకొన్నారు. ఎగరేస్తే కాల్చిన జెండాకే అనుమతి దొరికింది. మరి చచ్చినవాళ్ళు ఏం తప్పు చేసినట్టు?

చదువు ఆపి జైలుకు

1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చినప్పుడు నరసింహయ్య బెంగళూరు సెంట్రల్ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్ చదువుతూ ఉండె. పేద ఇంటి పిల్లవాడికి ఆ చదువు అంటే ఏమిటో మనకు తెలుసు. ఇంటి ఆశ అంతా ఆ ఒక్క డిగ్రీ మీద ఉంటుంది. ఇంకొంచెం ఓపిక పడితే ఉద్యోగం, జీతం, అమ్మకు కూలి తప్పుతుంది. ఆ అంచున నిలబడి ఆయన క్లాసు వదిలిపెట్టి ఉద్యమంలోకి దిగినారు. మైసూరు, బెంగళూరు, పుణె దగ్గరి ఎరవాడ జైళ్ళు చూసినారు. అన్నీ కలిపి తొమ్మిది నెలల దాకా.

ఆ కాలపు మైసూరు రాజ్యం ఎంత గట్టిగా ఉండెనో శివమొగ్గ జిల్లా ఈసూరు కథ చెబుతుంది. ఆ ఊరివాళ్ళు 1942లో తమకు స్వాతంత్ర్యం వచ్చిందని ప్రకటించుకొని సొంత పాలన పెట్టుకొంటే, జరిగిన గొడవలో అధికారులు చనిపోయినారు. 1943లో ఆ ఊరివాళ్ళలో అయిదుగురిని ఉరి తీసినారు. అట్లాంటి గాలిలో ఒక కుర్రవాడు జైలుకు పోయి, బయటికి వచ్చి, మళ్ళీ పుస్తకం తెరిచినాడు. ఆనర్స్, ఆ పైన ఎమ్మెస్సీ పూర్తి చేసి 1946లో నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ అధ్యాపకుడిగా చేరినారు.

చేరిన ఏడాదికే మళ్ళీ పరీక్ష. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. మైసూరులో మాత్రం అధికారం ఇంకా రాజు, దివాను చేతుల్లోనే ఉండె. జనం ఎన్నుకొన్న సర్కారు కావాలని సెప్టెంబరులో మైసూరు చలో ఉద్యమం లేచింది. మన కోలారు జిల్లా కె.సి. రెడ్డిగారు దానికి పెద్ద. నరసింహయ్యగారు కొత్తగా వచ్చిన ఉద్యోగం పక్కన పెట్టి అందులో దిగినారు. అక్టోబరు చివరికి సంస్థానం దిగివచ్చింది. కె.సి. రెడ్డిగారు మొదటి ముఖ్యమంత్రి అయినారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా స్వాతంత్ర్యం కోసం కొట్లాడవలసి వచ్చిన నేల మనది. ఇది మన పిల్లల పాఠాల్లో ఎక్కువగా కనపడదు.

పరమాణువు నుంచి బుధవారం సభల దాకా

ఉద్యమంలో తిరిగిన చాలామంది తర్వాత రాజకీయాల్లోకి పోయినారు. ఈయన బడికి తిరిగి వచ్చినారు. అమెరికాలో ఓహయో స్టేట్ యూనివర్సిటీకి పోయి న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పరిశోధన చేసి 1960లో డాక్టరేట్ తెచ్చుకొన్నారు. అక్కడే ఉండిపోయి ఉంటే అడిగేవాళ్ళు లేరు. మళ్ళీ బసవనగుడికే వచ్చినారు. 1961 నుంచి 1972 దాకా నేషనల్ కాలేజీ ప్రిన్సిపాలు. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీ హాస్టల్లో ఒక గదే ఆయన ఇల్లు. పిల్లలతో పాటు పడక, పిల్లలతో పాటు భోజనం. యాభై ఏండ్లకు పైగా అదే గడిచింది.

1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టినారు. వారం వారం బుధవారం సాయంత్రం ఒక శాస్త్రవేత్త వచ్చి మామూలు జనానికి అర్థమయ్యేట్టు మాట్లాడాలి. టికెట్ లేదు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. మాట్లాడినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా జవాబు చెప్పవలసిందే. చూడటానికి ఇది చిన్న పని. మన దేశంలో మాత్రం పెద్దవాళ్ళు చెబితే వినాలి, ఎదురు అడగకూడదు అనేది ఇంటి నుంచి ఆఫీసు దాకా నడిచే రివాజు. ఆ రివాజును వారానికి ఒకసారి, గొడవ లేకుండా, కుర్చీలు వేసి కూర్చోబెట్టి మార్చిన పని అది. ఏదీ ప్రశ్నించకుండా ఒప్పుకోవద్దు అన్నది ఆయన జీవితమంతా చెప్పిన ఒకే ఒక పాఠం.

ఎమర్జెన్సీ కాలంలో ఒక కమిటీ

1972లో ఆయన్ను బెంగళూరు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ చేసినారు. 1977 దాకా ఆ పనిలో ఉన్నారు. జ్ఞానభారతి ఆవరణ పెరిగింది ఆ కాలంలోనే. సంగీతం, నాట్యం, నాటకం వంటివాటికీ యూనివర్సిటీలో చోటు ఇచ్చినారు. అయితే ఆయన పేరు దేశమంతా మోగింది వేరే పని వల్ల.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలకు సెన్సారు. వాజపేయి, అద్వానీ, మధు దండవతే వంటి నాయకులు మన బెంగళూరు జైల్లోనే ఉన్నారు. అడిగితే లోపల వేసే కాలం అది. ఆ కాలంలో, 1976లో, నరసింహయ్యగారు యూనివర్సిటీ తరఫున ఒక కమిటీ వేసినారు. అద్భుతాలు, మహిమలు అని చెప్పేవాటిని, పరీక్షకు నిలిచే ఇతర మూఢనమ్మకాలను విచారించడం దాని పని. ఎవరినీ తిట్టడానికి కాదు, పరీక్ష పెట్టి చూడటానికి. లాబొరేటరీలో ఒక తీగలో ఎంత కరెంటు పోతుందో కొలిచినట్టే, గాలిలో నుంచి విభూతి వస్తుందంటే దాన్నీ కొలిచి చూద్దాం అనే పద్ధతి.

ఆ కమిటీ పెద్దగా ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబాగారికి మూడు జాబులు రాసినారు. మీ మహిమలను కమిటీ ముందు, మేము పెట్టే షరతుల ప్రకారం చూపించండి అన్నది వాటి సారం. జాబులకు జవాబు రాలేదు. తర్వాత బాబాగారు పత్రికలతో మాట్లాడినప్పుడు చెప్పిన అభిప్రాయం ఏమంటే, ఆ అడిగిన తీరు సరికాదు, సైన్సు ఇంద్రియాలకు అందేవాటి దాకానే పోవాలి, ఆధ్యాత్మికం దానికి పైన ఉంటుంది అని.

మన ఇండ్లలో చాలా గోడల మీద బాబాగారి పటం ఉంది. పుట్టపర్తి మనకు దూరం కాదు. ఆయన పేరుతో వచ్చిన ఆసుపత్రుల్లో వైద్యం చేయించుకొన్నవాళ్ళు, అనంతపురం పల్లెల్లో ఆ నీళ్ళ పథకం నీళ్ళు తాగినవాళ్ళు మన బంధువులే. కాబట్టి ఈ సంగతి చెప్పేటప్పుడు తూకంగా చెప్పాలి. నరసింహయ్యగారు అడిగింది ఆ సేవ గురించి కాదు. ఎవరి భక్తి గురించీ కాదు. మహిమ జరిగింది అని పదిమంది ముందు చెప్పినప్పుడు, అది పదిమంది ముందు పరీక్షకు నిలవాలి అన్నది ఒక్కటే ఆయన అడిగింది. ఆ ప్రశ్నకు ధైర్యం ఎందుకు కావాలంటే, అప్పటి మంత్రులు, జడ్జీలు, పెద్ద అధికారులు చాలామంది భక్తులు. యూనివర్సిటీకి దుడ్లు ఇచ్చేది సర్కారు. వైస్ ఛాన్సలర్ కుర్చీ సర్కారు ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చొని, ఆ సర్కారు పెద్దలు దండం పెట్టే చోటికి జాబు రాయడం చిన్న సంగతి కాదు.

భక్తులకు కోపం వచ్చింది. మతం జోలికి వెళ్తున్నాడని కొందరు, ఒక్కరినే ఎందుకు అడుగుతాడని కొందరు, యూనివర్సిటీ పని ఇదా అని కొందరు విమర్శించినారు. ఆ చివరి ప్రశ్నలో కొంత న్యాయం ఉందని ఈ దినం కూడా కొందరు అంటారు. 1977లో ఆయన పదవీకాలంతో పాటు ఆ కమిటీ పనీ ఆగిపోయింది. లెక్కకు చూస్తే ఆయన గెలవలేదు. పరీక్ష జరగలేదు. అయితే ఒక తమాషా చూడండి. అదే ఎమర్జెన్సీలో, 1976లోనే, 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కోర్టుల అధికారాలకు కత్తెర వేసిన సవరణ అని దానికి చెడ్డపేరు. ఆ సవరణలోనే పౌరుల ప్రాథమిక విధులు అని ఒక జాబితా చేర్చినారు. అందులో శాస్త్రీయ దృష్టిని, అడిగి తెలుసుకొనే గుణాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని ఉంది. అడిగినవాళ్ళను జైల్లో పెట్టిన సర్కారే అడగడం మీ విధి అని రాజ్యాంగంలో రాసింది! నరసింహయ్యగారు ఆ రాసిన దాన్ని నిజమని పట్టుకొని నడిచిన కొద్దిమందిలో ఒకరు.

గాంధీ దగ్గర ఏం తీసుకొన్నారు

ఒక సందేహం రావచ్చు. గాంధీగారు రామనామం వదలనివాడు. ఈయన మహిమలను పరీక్ష పెడతామన్నవాడు. ఇద్దరికీ ఎట్లా కుదిరింది? కుదిరింది నమ్మకాల్లో కాదు, పద్ధతిలో. తనకు నిజం అనిపించినదాన్ని తన బతుకు మీద ముందు పరీక్ష చేసుకోవడం గాంధీగారి పద్ధతి. ఎదుటివాడిని కొట్టకుండా, ద్వేషించకుండా, వదిలిపెట్టకుండా అడగడం కూడా. నరసింహయ్యగారు ఆ రెండూ తీసుకొన్నారు. ఒంటి మీద ఖద్దరు, హాస్టల్ గది, తక్కువ ఖర్చు బతుకు. ఇవన్నీ ఉన్నవాడు అడిగితే, నీకు దీంట్లో లాభం ఏమిటి అని ఎవరూ తిప్పి అడగలేరు. అధికారాన్ని ప్రశ్నించేవాడికి అధికారం ఇచ్చే సుఖాల మీద ఆశ ఉండకూడదు. ఆయన బతుకు చూస్తే తెలిసేది అదే.

మన నేతవాళ్ళకు ఇది పరాయి గుణం కాదు. కన్నడ వచనాలు చెప్పిన తొలి పెద్దల్లో ఒకడైన జేడర దాసిమయ్య మగ్గం నేసినవాడు. కాశీలో పండితులనూ ముల్లాలనూ ఒకే మాటలో నిలదీసిన కబీరు మగ్గం నేసినవాడు. పొద్దస్తమానం పడుగులో ఒక్కొక్క పోగును చూసి, తెగినదాన్ని పట్టి ముడివేసే చేతికి, మాటలో తెగిన పోగు కూడా కనపడుతుంది. ఆ గుణం మన దగ్గర ఉండె. మనమే దాన్ని అటక మీద పెట్టినాము.

ఊరిని మరవలేదు

బెంగళూరులో ఎంత పెద్దవాడైనా హొసూరు దారి మరవలేదు. తాను చిన్నప్పుడు హైస్కూలు లేక నడిచి పోయిన ఊళ్ళో, గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ విద్యాసంస్థలు నిలబడటానికి ఆయన పూనికే కారణం. బాగేపల్లి అంటే మనకు తెలుసు. వాన లేని చోటు, తెలుగు మాట్లాడే చోటు, బెంగళూరు కళ్ళకు కనపడని చోటు. అక్కడ కాలేజీ పెట్టడం అంటే ఆ సీమ ఆడపిల్లలకు డిగ్రీ చేతికి ఇవ్వడం. మగపిల్లలను ఎట్లో బెంగళూరు పంపుతారు, ఆడపిల్లను పంపరు. కాలేజీ ఊరి దగ్గరికి వస్తేనే ఆమె చదువుతుంది. మన నేత ఇండ్లలో మొదటి డిగ్రీ తెచ్చిన ఆడబిడ్డలు ఎంతమంది ఈ కాలేజీల మెట్లెక్కినవాళ్ళో మన ఇండ్లలోనే లెక్క వేసుకోవచ్చు.

1984లో కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. తన జీవితాన్ని ఆయన కన్నడంలో హోరాటద హాది అనే పుస్తకంగా రాసుకొన్నారు. పోరాటపు దారి అని అర్థం. తెరెద మన అని ఇంకో పుస్తకం. తెరిచిన మనసు అని దాని పేరు. ఈ రెండు పేర్లు కలిపితే ఆయన బతుకు మొత్తం వచ్చేస్తుంది. పోరాడేవాళ్ళలో చాలామందికి మనసు మూసుకుపోతుంది. మనసు తెరిచి ఉంచుకొనేవాళ్ళలో చాలామంది పోరాడరు. రెండూ ఉన్నవాళ్ళు అరుదు. 2005 జనవరి 31న బెంగళూరులో ఆయన కన్నుమూసినారు. 84 ఏండ్లు. ఆస్తులు లేవు, వారసులు లేరు. ఆయన దగ్గర చదువుకొన్నవాళ్ళు మాత్రం వేలమంది.

మన ఇండ్లకు దీంట్లో ఏముంది?

ఇంత కథ ఎందుకు చెప్పుకొన్నామంటే, ప్రశ్న అడగకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటివాళ్ళే. బిడ్డకు దగ్గు తగ్గకపోతే ముందు తాయెత్తు, తర్వాత డాక్టరు. మగ్గం సరిగా నడవకపోతే ముందు వాస్తు, తర్వాత మెకానిక్. జాతకం కుదరలేదని మంచి సంబంధం పోతుంది. వీటికి పోయే దుడ్లు షావుకారు దగ్గర తెచ్చిన అప్పే. నమ్మకం వద్దు అని ఎవరూ అనడం లేదు. దుడ్లు తీసుకొని చెప్పేవాడిని, ఇది ఎట్లా తెలుసు నీకు అని ఒక్కసారి అడిగితే చాలు. కర్ణాటక సర్కారే 2017లో అమానుష మూఢాచారాలను ఆపే చట్టం చేసింది. అందుకోసం ముందు నుంచీ మాట్లాడినవాళ్ళలో నరసింహయ్యగారి తరం ఉంది.

అదే ప్రశ్న ఇంటి బయట కూడా అడగాలి. నూలు తూకంలో ఎంత పోయింది, కూలిలో ఏ లెక్కన కోసినారు అని షావుకారును. 1985 చట్టం చేమగ్గానికి కేటాయించిన గుడ్డలను పవర్‌లూమ్‌లో నేస్తుంటే ఎవరు చూస్తున్నారు అని ఆఫీసును. 2017 జులై నుంచి నూలు మీద, గుడ్డ మీద పడిన జీఎస్టీ గురించి ఢిల్లీని. పవర్‌లూమ్ నడిపే మన దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు అన్నదమ్ములకు వేరే ప్రశ్నలు ఉన్నాయి. మన మధ్య తగువు ఉంటే అదీ కూర్చొని అడిగి తేల్చుకోవలసిందే. సమాఖ్యలో పెద్దలను కూడా జమాఖర్చు అడగాలి. అడిగితే కోపం తెచ్చుకోని పెద్దలే మనకు కావాలి.

నరసింహయ్యగారు పోయిన 2005లోనే సమాచార హక్కు చట్టం అమలుకు వచ్చింది. ఆయన మూడు జాబులకు జవాబు రాలేదు. మనం రాసే జాబుకు 30 దినాల్లో జవాబు ఇవ్వాలని ఇప్పుడు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం. చేనేత పథకం కింద మన తాలూకుకు ఎంత వచ్చింది, ఎవరికి పోయింది అని అడగడానికి అంతకన్నా ఏమీ అక్కరలేదు. హొసూరు పిల్లవాడు 1935లో బస్సు చార్జీ లేక రెండు దినాలు నడిచి పోయింది చదువు కోసమే. ఆ చదువుతో ఆయన చేసిన పని అడగడం. మన ఇంట్లో ఇప్పుడు చదువుకొన్న పిల్లలు ఉన్నారు. ఈ వార్షికోత్సవం అయిపోయి ఇంటికి పోయినాక, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఆ కాగితం రాయించండి.